వాగు ఆరోగ్యాన్ని అందులోని జీవులను బట్టి అంచనా వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తమ ఊరి పక్కన పారే చిన్న వాగు బాగుందో, పాడవుతోందో స్వయంగా తెలుసుకోవాలనుకునే విద్యార్థులు, ఉపాధ్యాయులు, గ్రామ బృందాల కోసం ఈ సమాధానాలు రాశాం. ఉదాహరణలు ఎక్కువగా తూర్పు కనుమల్లోని అరకు, అనంతగిరి ప్రాంతపు గెడ్డల (కొండ వాగుల) నుంచి, వికారాబాద్ కొండల్లో మూసీ పుట్టే చోటి వాగుల నుంచి తీసుకున్నాం. విశాఖ వైపు గోస్తనీ నది పుట్టే కొండలనూ, తెలంగాణలో మూసీ పుట్టే కొండలనూ అనంతగిరి అనే పిలుస్తారు కాబట్టి, చదివేటప్పుడు ఏ అనంతగిరి అన్నది గమనించుకోవాలి.

వాగు ఆరోగ్యంగా ఉందంటే ఏమిటి? నీళ్లు తేటగా ఉంటే చాలదా?

చాలదు. తేటగా కనిపించే నీటిలో పురుగుమందు కరిగి ఉండవచ్చు. వాన పడిన మర్నాడు మంచి వాగు కూడా ఎర్రగా పారవచ్చు. ఆరోగ్యకరమైన వాగు అంటే, ఆ నేలకు, ఆ ఎత్తుకు, ఆ వాతావరణానికి సహజంగా ఉండవలసిన జీవులు ఉండవలసిన పాళ్లలో ఉండి, ఒకదానిపై ఒకటి ఆధారపడి బతకగలిగే వాగు. అంటే గట్టున చెట్ల నీడ, రాలిన ఆకులు, రాళ్ల మీది పలుచని పాకుడు, ఆ పాకుడును గీరుకు తినే పురుగులు, ఆకులను చీల్చి తినే పీతలూ రొయ్యలూ, కొట్టుకొచ్చే నలుసులను వలపన్ని పట్టుకునే లార్వాలు, వీటన్నిటినీ వేటాడే తూనీగ పిల్లలు, చిన్న చేపలు. వీటిలో ఒక వరుస మొత్తం కనబడకుండా పోయిందంటే, నీరు ఎంత తేటగా ఉన్నా వాగులో ఏదో తేడా జరిగిందన్నమాట.

నీటిని ల్యాబుకు పంపి పరీక్ష చేయించవచ్చు కదా, జీవుల సర్వే ఎందుకు?

రెండూ కావాలి, కానీ రెండూ చెప్పేది ఒకటి కాదు. సీసాలో పట్టిన నీరు ఆ క్షణంలో వాగు ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. రాత్రిపూట వదిలిన వ్యర్థజలం తెల్లారేసరికి దిగువకు వెళ్లిపోతే, పది గంటలకు పట్టిన సీసాలో దాని జాడ దొరకదు. రాళ్ల కింద వారాలు, నెలల తరబడి బతికే పురుగులు మాత్రం ఆ రాత్రిని తప్పించుకోలేవు. అవి చచ్చిపోయినా, కొట్టుకుపోయినా, మళ్లీ ఆ చోటు నిండడానికి సమయం పడుతుంది.

కరిగిన ఆక్సిజన్ సంగతే చూడండి. సముద్ర మట్టంలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద స్వచ్ఛమైన నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు తగ్గుతుంది, అరకు వంటి ఎత్తయిన చోట ఇంకా కొంత తగ్గుతుంది. పచ్చటి నాచు దట్టంగా పెరిగిన వాగులో మధ్యాహ్నం కొలిస్తే, కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ పుష్కలంగా కనిపిస్తుంది. అదే వాగులో రాత్రంతా ఆ నాచు, దానితోపాటు బ్యాక్టీరియా కలిసి ఆక్సిజన్‌ను పీల్చుకోవడం వల్ల తెల్లవారుజామున అది ప్రమాదకరంగా పడిపోవచ్చు. సర్వేకు వెళ్లేవారు సాధారణంగా మధ్యాహ్నమే వెళ్తారు, పురుగులు తెల్లవారుజామున కూడా అక్కడే ఉంటాయి.

ఏ జీవులను చూడాలి? చేపలను చూస్తే సరిపోదా?

చేపలు, రాళ్ల మీది డయాటములు (కంటికి కనిపించనంత చిన్న నాచు), గట్టు మొక్కలు, కప్పలు అన్నీ ఏదో ఒకటి చెబుతాయి. ఐరోపా సమాఖ్య 2000లో తెచ్చిన నీటి చట్రం ఆదేశం (వాటర్ ఫ్రేమ్‌వర్క్ డైరెక్టివ్) నదుల స్థితిని నిర్ణయించడానికి చేపలు, అడుగున బతికే అకశేరుకాలు (వెన్నెముక లేని జీవులు), నీటి మొక్కలు, శైవలాలు వీటన్నిటినీ లెక్కలోకి తీసుకోమంటుంది. కానీ చిన్న వాగులో, కొద్దిపాటి శిక్షణతో, తక్కువ ఖర్చుతో పని జరగాలంటే కంటికి కనిపించే అకశేరుకాలే అనువైనవి. అవి దాదాపు ప్రతి వాగులోనూ దొరుకుతాయి, పెద్దగా దూరం పోవు, ఒక్కో కుటుంబం కాలుష్యాన్ని ఒక్కో మేరకు ఓర్చుకుంటుంది.

చేపలతో రెండు చిక్కులున్నాయి. మొదటిది, అవి ఈదుకుంటూ తప్పించుకోగలవు, మళ్లీ తిరిగి రాగలవు. రెండవది, మనుషులు తెచ్చి వదిలిన చేపలు లెక్కను తారుమారు చేస్తాయి. దోమల నివారణ పేరిట గంబూసియా, చేపల పెంపకం కోసం తిలాపియా మన దేశానికి వచ్చి, పెంచిన చెరువులు దాటి వాగుల్లోకి కూడా చేరాయి. ఇవి ఉన్నాయంటే వాగు బాగున్నట్టు కాదు. కొరమీను, మార్పు అనే చేపల వంటివి నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి, ఆక్సిజన్ లేని మురుగులో కూడా బతుకుతాయి. చేపలున్నాయి కాబట్టి నీళ్లు మంచివే అనే మాటను అందుకే జాగ్రత్తగా వినాలి.

మంచి నీటికి గుర్తుగా చెప్పే పురుగులు ఏవి? వాటిని ఎలా పోల్చుకోవాలి?

ప్రధానంగా మూడు వర్గాలు: మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు, క్యాడిస్‌ఫ్లైలు. ఈ మూడింటి శాస్త్రీయ నామాల మొదటి అక్షరాలను కలిపి ఈపీటీ అని వ్యవహరిస్తారు. పెద్దయ్యాక ఇవి రెక్కలతో ఎగిరిపోతాయి. మనం వాగులో చూసేవి వీటి పిల్లలు.

మేఫ్లై పిల్లకు పొట్ట పక్కల వెంట ఆకుల్లాగో ఈకల్లాగో మొప్పలు ఉంటాయి, బతికున్నప్పుడు అవి కదులుతూ కనిపిస్తాయి. తోకలు సాధారణంగా మూడు, కొన్నిటికి రెండే. కాలి చివర ఒకే గోరు. స్టోన్‌ఫ్లై పిల్లకు తోకలు ఎప్పుడూ రెండే, కాలి చివర రెండు గోళ్లు ఉంటాయి, మొప్పలున్నచోట అవి పొట్ట పక్కన కాక కాళ్ల మొదళ్ల దగ్గర కుచ్చులుగా ఉంటాయి. తోకలను మాత్రమే లెక్కపెట్టి పేరు పెట్టేయడం కొత్తవారిలో కనిపించే అలవాటు. వల నుంచి తీసేటప్పుడు తోకలు తెగిపోతాయి కాబట్టి, గోళ్లూ మొప్పలూ చూడకుండా నిర్ణయించకూడదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే ఇది కష్టమేమీ కాదు.

క్యాడిస్‌ఫ్లై లార్వా గొంగళిపురుగులా ఉంటుంది, శరీరం చివర రెండు కొక్కేలుంటాయి. చాలా రకాలు తమ నోటి నుంచి వచ్చే పట్టుదారంతో ఇసుక రేణువులనో ఆకు ముక్కలనో పుల్లలనో అతికించి గొట్టంలాంటి ఇల్లు కట్టుకుంటాయి. హైడ్రోసైకిడే కుటుంబానికి చెందినవి అలా మోసుకుతిరిగే ఇల్లు కట్టవు, రాళ్ల సందుల్లో సన్నని వల అల్లి, ప్రవాహం తెచ్చిన నలుసులను అందులో పట్టుకుంటాయి.

ఇవి కాక, రాతికి అంటుకుపోయి చిన్న గుండ్రని నాణెంలా కనిపించే ఒక పెంకుపురుగు లార్వా ఉంది. దాన్ని రాతిలో భాగమనుకుని వదిలేసేవారే ఎక్కువ. ఇసుకలో దాగి ఉండే గోంఫిడే తూనీగ పిల్లలు, రాళ్ల కింది పీతలు కూడా మంచి సూచనలే.

చెడిన నీటిలో ఏవి మిగులుతాయి?

ఆక్సిజన్ తగ్గినా బతకడానికి ఏదో ఒక ఉపాయం ఉన్నవి మిగులుతాయి. దోమను పోలిన చిన్న ఈగల కైరోనమిడే కుటుంబపు కొన్ని లార్వాలు రక్తంలో హీమోగ్లోబిన్ ఉండడం వల్ల ఎర్రగా ఉంటాయి. వానపాము జాతికి చెందిన సన్నని ట్యూబిఫెక్స్ పురుగులు తల బురదలో పెట్టి తోకను నీటిలో ఊపుతూ శ్వాసిస్తాయి. మురుగు కాల్వల్లో కనిపించే ఎలుకతోక పురుగు, అంటే ఒక జాతి ఈగ లార్వా, పొడవాటి గొట్టాన్ని నీటిపైకి చాచి గాలి తీసుకుంటుంది. ఫైసా అనే చిన్న నత్త ఊపిరితిత్తిలాంటి సంచితో గాలి పీల్చుకుంటుంది. మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే దాని గుల్ల నోరు ఎడమ పక్కన ఉంటుంది, చాలా నత్తలకు అది కుడి పక్కన ఉంటుంది.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఇవి మంచి వాగులో కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. ఒక ఎర్రపురుగు కనబడగానే వాగు చెడిపోయిందనడానికి లేదు. ఇవి మాత్రమే మిగిలి, మిగతావి లేకపోవడమే కాలుష్యానికి గుర్తు.

సర్వే ఏ కాలంలో చేయాలి?

వానాకాలపు ఉద్ధృతి తగ్గి, నీరు తేరుకున్నాక. తెలుగు ప్రాంతాల్లో నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వీలైతే మార్చి, ఏప్రిల్‌లో నీరు తగ్గినప్పుడు మరొకసారి చేయాలి. వరద వచ్చిన వెంటనే చేస్తే రాళ్లు దొర్లి పురుగులు కొట్టుకుపోయి ఉంటాయి, అది కాలుష్యంలా కనిపిస్తుంది. కోస్తాకు అక్టోబరు, నవంబరుల్లో తుపానులు వస్తాయి కాబట్టి, పెద్ద వాన తరువాత కనీసం రెండు మూడు వారాలు ఆగడం మంచిది.

అరకు, పాడేరు వైపు ఇంకో సంగతి ఉంది. కాఫీ పండ్లు కోసి, గుజ్జు తీసి, గింజలు కడిగే పని కూడా ఇదే చలికాలంలో జరుగుతుంది. ఆ కడిగిన నీటిలో సేంద్రియ పదార్థం ఎక్కువ, పులిసిన తరువాత ఆమ్లత్వం కూడా ఎక్కువ. నేరుగా గెడ్డలో కలిస్తే ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. అక్కడ సర్వే చేసేవారు కోతకు ముందొకసారి, కోత మధ్యలో ఒకసారి చూడడం వల్ల తెలిసేది, ఏడాదికొక్కసారి చూడడం వల్ల తెలియదు.

వాగులో ఎక్కడ చూడాలి? ఎన్ని చోట్ల?

ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబు మీదే సర్వే విలువంతా ఆధారపడి ఉంటుందని మా అభిప్రాయం. ఒకే ఒక్క చోట పురుగులను పట్టి, స్కోరు కట్టి, ‘మా వాగుకు ఐదున్నర వచ్చింది’ అని రాస్తే దానివల్ల ఏమీ తెలియదు. ఐదున్నర మంచిదో చెడ్డదో చెప్పాలంటే, దేనితో పోల్చాలన్నది ముందే తేల్చుకోవాలి.

కనుక అనుమానం ఉన్న చోటికి, అంటే ఊరి మురుగు కలిసే చోటికో, క్వారీకో, బట్టలు ఉతికే రేవుకో ఎగువన ఒక చోటు, దిగువన దగ్గరలో ఒక చోటు, ఇంకా కొంత దూరం పోయాక వాగు తేరుకుంటోందో లేదో చూడడానికి మరొక చోటు తీసుకోవాలి. ఈ మూడూ ఒకే తీరుగా ఉండాలి. ఎగువన రాళ్ల మీదుగా గలగల పారే చోట పట్టి, దిగువన చెక్‌డ్యామ్ వెనక నిలిచిన మడుగులో పడితే, కనిపించే తేడాలో చాలా భాగం కాలుష్యానిది కాదు, నిలిచిన నీటిది. ప్రవాహ వేగం, లోతు, అడుగున రాళ్లా ఇసుకా బురదా, పైన చెట్ల నీడ ఎంత అన్నవి మూడు చోట్లా దగ్గరగా ఉండేలా చూసుకోవాలి. ఉండకపోతే ఆ తేడాను కాగితం మీద రాసి పెట్టాలి.

ఎగువ కూడా పాడైపోయిన వాగులైతే, అదే కొండల్లో అదే ఎత్తున, మనుషుల ఒత్తిడి తక్కువగా ఉన్న పక్క వాగును పోలికకు తీసుకోవచ్చు. వికారాబాద్ అనంతగిరి అడవిలోని చిన్న పాయను హైదరాబాద్ దాటిన మూసీతో పోల్చడం మాత్రం కుదరదు. ఆ రెండూ పేరుకు ఒకే నది అయినా, పరిమాణంలో, వాలులో, అడుగు నేలలో వేర్వేరు, కాబట్టి మురుగు లేకపోయినా వాటిలోని జీవులు వేరుగానే ఉండేవి.

ఏ పరికరాలు కావాలి? పురుగులను ఎలా పట్టాలి?

అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు రంధ్రాలున్న గట్టి వల, కర్రకు బిగించిన చట్రం, తెల్లటి లోతు పళ్లెం రెండు, మెత్తని పట్టకారు, చెంచా, భూతద్దం, థర్మామీటరు, మూతగల చిన్న సీసాలు, పెన్సిలు. సీసాలో వేసే చీటీ మీద పెన్సిలుతోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.

ఇద్దరుంటే మంచిది. ఒకరు వలను ప్రవాహానికి ఎదురుగా, అడుగుకు ఆనించి పట్టుకుంటారు. మరొకరు వలకు ఎగువన నిలబడి, కాలితో రాళ్లను, గులకను కదిలిస్తారు. లేచిన పురుగులు ప్రవాహంలో వలలోకి వస్తాయి. బ్రిటన్‌లో వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఇలా మూడు నిమిషాలు కదిలించి, ఆపైన ఒక నిమిషం పెద్ద రాళ్లను చేత్తో తిప్పి చూస్తారు. ఆ మూడు నిమిషాలను ఒకేచోట కాక, అక్కడున్న రాళ్లు, ఇసుక, ఆకుల కుప్పలు, గట్టు వేళ్లు వీటన్నిటికీ వాటి విస్తీర్ణాన్ని బట్టి పంచాలి. అన్ని చోట్లా ఒకే సమయం, ఒకే వల, వీలైతే కదిలించే మనిషి కూడా ఒకరే ఉండాలి. చదరపు మీటరుకు ఎన్ని అని లెక్క కావాలనుకునేవారు సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు గల చట్రమున్న సర్బర్ వలను వాడతారు. ఊరి బృందాలకు అది అవసరం లేదు.

పళ్లెంలో నీరు పోసి, వలలోని సరుకును కొద్దికొద్దిగా వేసి, కదిలే వాటి కోసం ఓపికగా చూడాలి. పెద్దవి ముందు కంటపడతాయి. కదలకుండా పడి ఉండే క్యాడిస్‌ఫ్లై ఇళ్లు, రాళ్లకు అంటుకున్నవి చివరికి గానీ కనిపించవు. గుర్తించలేని వాటిని ఒకటి రెండు మాత్రం 70 శాతం ఇథనాల్‌లో భద్రపరిచి, మిగిలిన వాటిని పట్టిన చోటే వదిలేయాలి.

స్కోరు ఎలా కడతారు?

జీవులను బట్టి నదీ కాలుష్యాన్ని అంచనా కట్టే పద్ధతికి జర్మనీలో కోల్‌క్విట్జ్, మార్సన్ అనే శాస్త్రవేత్తలు 1900ల తొలి దశకంలోనే పునాది వేశారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించేది బ్రిటన్‌లో 1970ల చివరలో రూపొందిన బీఎండబ్ల్యూపీ (బయలాజికల్ మానిటరింగ్ వర్కింగ్ పార్టీ) పట్టిక. అందులో ప్రతి కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కు ఉంటుంది. కాలుష్యాన్ని ఏమాత్రం ఓర్చుకోలేని వాటికి 10, దేనికైనా తట్టుకునే వాటికి 1. ఒక కుటుంబం నుంచి ఒక్క పురుగు దొరికినా వంద దొరికినా మార్కు ఒకటే. మొత్తాన్ని కుటుంబాల సంఖ్యతో భాగిస్తే సగటు స్కోరు వస్తుంది.

ఊహాత్మకంగా ఒక ఉదాహరణ. ఎగువన హెప్టజీనిడే (మేఫ్లై) 10, లెప్టోఫ్లెబిడే (మేఫ్లై) 10, పెర్లిడే (స్టోన్‌ఫ్లై) 10, గోంఫిడే (తూనీగ) 8, హైడ్రోసైకిడే (క్యాడిస్‌ఫ్లై) 5, సిమ్యులిడే (నల్ల ఈగ) 5, బీటిడే (మేఫ్లై) 4, కైరోనమిడే 2 దొరికాయనుకుందాం. మొత్తం 54, కుటుంబాలు ఎనిమిది, సగటు 6.75. దిగువన బీటిడే 4, లిమ్నీడే నత్తలు 3, గ్లాసిఫోనిడే జలగలు 3, కైరోనమిడే 2, ట్యూబిఫెక్స్ వంటి పురుగులు 1 మాత్రమే దొరికితే మొత్తం 13, సగటు 2.6. మొత్తం కన్నా సగటే నమ్మదగినది, ఎందుకంటే ఎక్కువసేపు వెతికినవారికి మొత్తం పెరుగుతూ పోతుంది, సగటు అంతగా మారదు.

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ పట్టికను భారతీయ నదులకు సవరించి, దానికి వైవిధ్య స్కోరును జోడించింది. వైవిధ్య స్కోరు కట్టడానికి పురుగుల పేర్లు కూడా తెలియనవసరం లేదు. పళ్లెంలోంచి ఎంచకుండా ఒక్కొక్కటే తీస్తూ, ఇప్పుడు తీసినది ఇంతకుముందు దానిలాగే ఉందా, వేరుగా ఉందా అని మాత్రం చూడాలి. వేరుగా ఉన్న ప్రతిసారీ కొత్త వరుస మొదలైనట్టు. పది జీవులు తీస్తే ఆరు వరుసలు వచ్చాయనుకుంటే స్కోరు 0.6. ఒకే రకం పురుగుతో పళ్లెం నిండిపోతే అది సున్నాకు దగ్గరవుతుంది. ఈ రెండు స్కోర్లనూ కలిపి చూసి నీటిని పరిశుభ్రం నుంచి తీవ్ర కాలుష్యం వరకు ఐదు తరగతులుగా విభజిస్తారు. మొదటిదైన సగటు స్కోరు 7, ఆపైన ఉంటే మొదటి తరగతి, 2 కన్నా తక్కువైతే చివరిది.

బ్రిటన్ వాగుల కోసం చేసిన పట్టిక మనకు పనికొస్తుందా?

కొంత వరకే. చల్లని నీళ్ల దేశాల్లో స్టోన్‌ఫ్లై రకాలు చాలా ఎక్కువ. ద్వీపకల్ప భారతంలో అవి తక్కువ, దొరికేవి ప్రధానంగా పెర్లిడే కుటుంబానికి చెందినవి. కాబట్టి మన వాగు ఎంత స్వచ్ఛంగా ఉన్నా అక్కడి మొత్తం స్కోరును అందుకోకపోవచ్చు. పైగా మన దగ్గర ఉండి, అక్కడ లేని కుటుంబాలకు ఆ పట్టికలో మార్కే లేదు. ఒకే కుటుంబంలో సున్నితమైన జాతులూ మొండి జాతులూ కలిసి ఉంటాయి. బీటిడే ఇందుకు మంచి ఉదాహరణ.

దక్షిణాఫ్రికా తన వాగులకు తానే ప్రత్యేక స్కోరు పద్ధతిని తయారు చేసుకుని, దాన్ని సులభం చేసి మినీసాస్ పేరిట బడి పిల్లలకు కూడా అందించింది. తూర్పు కనుమలకు, దక్కను పీఠభూమికి కూడా అలాంటి సొంత పట్టిక ఉండడం అవసరమని మేం భావిస్తాం. అంతవరకు ఉన్న పట్టికను వాడవచ్చు. అయితే బయటి కొలమానంతో కాక, మీ ఎగువ చోటుతో, మీ నిరుటి లెక్కతో పోల్చుకోవాలి.

స్కోరు పడిపోతే కారణం కూడా తెలుస్తుందా?

స్కోరు ఒక్కటే చూస్తే తెలియదు. ఏవి పోయాయి, ఏవి పెరిగాయి అని జాబితాను చదివితే చాలావరకు తెలుస్తుంది. సర్వేలో ఆసక్తికరమైన భాగం ఇదే, చాలామంది అంకె రాగానే ఆపేసేదీ ఇక్కడే.

ఇళ్ల మురుగు, పశువుల పేడ, కాఫీ గుజ్జు వంటి సేంద్రియ వ్యర్థాలు కలిస్తే ఆక్సిజన్ పడిపోతుంది. మొప్పలతో శ్వాసించే మేఫ్లై, స్టోన్‌ఫ్లైలు ముందు పోతాయి, ట్యూబిఫెక్స్, ఎర్ర కైరోనమిడే లార్వాలు గుంపులు గుంపులుగా పెరుగుతాయి, రాళ్ల మీద బూడిదరంగు జిగట పొర కడుతుంది. మురుగు కొద్దిపాటిదైతే వల అల్లే క్యాడిస్‌ఫ్లైలు, సిమ్యులిడే లార్వాలు తగ్గకపోగా పెరుగుతాయి, ఎందుకంటే కొట్టుకొచ్చే నలుసులే వాటి తిండి.

పురుగుమందుల తీరు వేరు. పత్తి, మిరప చేల నుంచి వాన నీటితో దిగే పైరిథ్రాయిడ్ మందులు అతి స్వల్ప మోతాదులోనే నీటి కీటకాలను, రొయ్యలను చంపుతాయి. నత్తలకు, వానపాము జాతి పురుగులకు అంత హాని చేయవు. ఆక్సిజన్ మామూలుగా ఉండి, నీళ్లు తేటగా ఉండి, నత్తలు నిక్షేపంగా ఉండి, ఆరు కాళ్ల జీవులు మాత్రం మాయమైతే ఎగువ చేలలో ఏ మందు ఎప్పుడు కొట్టారో అడగాలి.

పూడికది మూడో తీరు. రోడ్డు తవ్వకం, క్వారీ, నరికిన కొండవాలు నుంచి వచ్చే మన్ను రాళ్ల మధ్య సందులను పూడ్చేస్తుంది. రాతికి అంటిపెట్టుకుని బతికే చదునైన హెప్టజీనిడే తగ్గిపోతాయి. మొప్పలపై మూత ఉండి బురదలోనూ శ్వాసించగల కీనిడే మేఫ్లైలు నిలుస్తాయి. రసాయన పరీక్షలో ఇక్కడ ఏ విషమూ బయటపడదు, కానీ వాగు మాత్రం పేదదవుతుంది. రాయిని ఎత్తినప్పుడు తేలిగ్గా వస్తుందా, మన్నులో సగం దాకా కూరుకుపోయి ఉందా అన్నది కూడా నమోదు చేయాలి.

గట్టు చెట్లు కొట్టేసిన చోట, ఎండ తగిలి పొడవాటి పచ్చనాచు పెరుగుతుంది, సబ్బు నీళ్లూ ఎరువులూ కలిస్తే మరీ ఎక్కువ. ఆకులు తినేవి తగ్గి, నాచు తినేవి, నత్తలు పెరుగుతాయి. ఒకే వాగులో ఈ నాలుగూ కలిసి ఉండవచ్చు కాబట్టి జాబితా చూపేది అనుమానమే. దాన్ని నిర్ధారించేందుకు తగిన రసాయన పరీక్ష చేయించాలి.

వేసవిలో ఎండిపోయే వాగులకు ఈ పద్ధతి వర్తిస్తుందా?

రాయలసీమ వంకలు, తెలంగాణ ఒర్రెలు చాలావరకు ఇలాంటివే. నీరు పారడం మొదలైన కొత్తలో త్వరగా పెరిగే కైరోనమిడే, బీటిడే, ఎగిరి వచ్చే పెంకుపురుగులే ఉంటాయి. అది సహజం, కాలుష్యం కాదు. కనీసం ఆరేడు వారాలు పారాక సర్వే చేసి, అంతే కాలం పారే మరో వంకతోనే పోల్చాలి. ఏడాది పొడవునా పారే గెడ్డతో పోల్చకూడదు.

మంచి పురుగులు దొరికిన వాగు నీళ్లు తాగవచ్చా?

తాగకూడదు. స్టోన్‌ఫ్లై దొరికిన గెడ్డలో కూడా మనుషుల, పశువుల విసర్జన నుంచి వచ్చే రోగకారక క్రిములు ఉండవచ్చు. వాటివల్ల పురుగులకు ఏమీ కాదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదు. నల్లగొండ జిల్లాను దశాబ్దాలుగా పీడించిన ఫ్లోరైడ్ సంగతి కూడా ఈ సర్వే వల్ల బయటపడేది కాదు. వాగు ఆరోగ్యం వేరు, తాగునీటి భద్రత వేరు.

అనుమతులు, జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

రక్షిత అడవుల్లో, అభయారణ్యాల్లో నమూనాలు తీయాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. గిరిజన గ్రామాల్లో ఊరి పెద్దలకు ముందుగా చెప్పి, వీలైతే వారిలో ఒకరిని వెంట తీసుకెళ్లాలి. గెడ్డలో ఏ రాయి కింద ఏముంటుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మోకాలు దాటిన నీటిలో, ఎగువన మబ్బు పట్టినప్పుడు దిగకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు. కాళ్లకు గాయాలుంటే బూట్లు లేకుండా దిగకూడదు, మురుగు కలిసిన నీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉంది. ఒక వాగులో వాడిన వలను ఎండబెట్టకుండా మరో వాగులో ముంచకూడదు.

గుర్తుపట్టలేని జీవులను ఎవరికి చూపాలి? ఫలితాలను ఎలా నమోదు చేయాలి?

భారత జంతు సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్‌లో మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం ఉంది. దగ్గరలోని విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగాలను కూడా సంప్రదించవచ్చు. కుటుంబం స్థాయి వరకు గుర్తించగలిగితే ఈ పనికి చాలు. తెలియని దానికి ఊహించి పేరు పెట్టడం కంటే ‘తెలియని మేఫ్లై, ఒకటో రకం’ అని రాసి ఫొటో జతచేయడం మేలు.

ప్రతి నమోదులో తేదీ, వేళ, చోటు అక్షాంశ రేఖాంశాలు, నీటి ఉష్ణోగ్రత, చివరి పెద్ద వాన ఎప్పుడు పడింది, వల రంధ్రం పరిమాణం, ఎన్ని నిమిషాలు కదిలించారు, ఎవరు కదిలించారు, ఎగువన కొత్తగా ఏం మారింది అన్నవి ఉండాలి. స్కోరుతోపాటు పూర్తి జాబితానూ దాచాలి, ఎందుకంటే రేపు మన ప్రాంతానికి సరిపడే పట్టిక వస్తే, పాత జాబితాల నుంచి కొత్త స్కోరు కట్టుకోవచ్చు. పాత స్కోరు నుంచి మాత్రం జాబితాను తిరిగి రాబట్టలేం. కాలుష్య నియంత్రణ మండలికో, గ్రామ పంచాయతీకో ఫిర్యాదు ఇవ్వదలిస్తే, ఎగువ దిగువ జాబితాలను పక్కపక్కన పెట్టి, ఒకే రోజు తీసిన ఫొటోలతో ఇవ్వాలి. ఒకటి నవంబరులో, మరొకటి మేలో తీసినవైతే ఆ తేడా ఎండాకాలం వల్ల వచ్చిందని అవతలివారు అనడానికి వీలుంటుంది.